సింగిల్ బ్యారెల్ తుపాకీలో ఇరుక్కున్న డొల్లను ఎలా తీయాలి?

ముందుగా మీ తుపాకీ ఏ రకమో చూసుకోండి. గొట్టం మడవగానే ఖాళీ డొల్ల (పేలిన తూటా తొడుగు) కాస్త పైకి లేచి వేళ్లకు అందితే అది ఎక్స్‌ట్రాక్టర్. టప్పున వెనక్కి ఎగిరిపోతే ఎజెక్టర్. అమెరికాలో వేటగాళ్లు బాగా వాడిన హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ టాపర్ రెండో రకం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కానీ, పంట రక్షణ లైసెన్సు మీద ఉన్న పన్నెండు బోరు తుపాకీలకూ ఇదే పద్ధతి.

కావలసినవి: 16 మిల్లీమీటర్ల చెక్క కడ్డీ, చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే వెనక భాగం) బ్రష్షు, కళ్లద్దాలు, పాత గుడ్డ. స్క్రూడ్రైవరును దగ్గరికి రానివ్వకండి. దానితో రిమ్మును (డొల్ల వెనక అంచును) పెకలించబోయి చాంబర్ అంచు గీసేసినవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

1. ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి తుపాకీ తెరవండి. అసలు తెరుచుకోకపోతే గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి.

2. గొట్టం కింద ఉండే ముందరి చెక్క ఊడదీసి గొట్టాన్ని విడదీయండి.

3. అందరూ పాడుచేసేది ఇక్కడే. లోపల ఉన్నది నిజంగా పేలిన తూటాయేనా? ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న గుండీ) మీద సొట్ట ఉంటే చాలదు. పేలకుండా తుస్సుమన్న తూటాకూ అదే సొట్ట పడుతుంది. మోత విని, భుజానికి దెబ్బ తగిలి ఉంటేనే ముందుకు వెళ్లండి. మోత బలహీనంగా వచ్చినా, రవ్వంత అనుమానం ఉన్నా కడ్డీ ముట్టుకోవద్దు. పేలని తూటా మీద లోపలి నుంచి కడ్డీ కొట్టడం ప్రాణాలతో చెలగాటం. గుర్రం (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) పడినా పేలకపోతే, ఒకటో మెట్టుకు వెళ్లకముందే, తుపాకీ తెరవకుండా సురక్షితమైన వైపు గురిపెట్టి కనీసం ఒక నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

డొల్ల ఖాళీదని రూఢి అయ్యాక, కడ్డీని గొట్టం మూతి నుంచి దించి డొల్ల అడుగుకు ఆనించండి. చేత్తో నొక్కండి, కదలకపోతే మెల్లగా తట్టండి. ఎజెక్టర్ రకమైతే మొహం, వేళ్లు చాంబర్ వెనక ఉంచకండి. అణిగి ఉన్న స్ప్రింగు డొల్ల వదలగానే ఒక్కసారిగా విసురుతుంది. కళ్లద్దాలు అందుకే.

4. బ్రష్షు తిప్పి గుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ మడ్డి పేరుకోవడం వల్లే చాలాసార్లు డొల్లలు ఇరుక్కుంటాయి. నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది.

కొనేటప్పుడైతే ఎక్స్‌ట్రాక్టరే తీసుకోండి. టాపర్ ఎజెక్టరుకు పేలిన తూటా, పేలని తూటా అన్న తేడా లేదు. రెంటినీ బురదలోకి విసురుతుంది. చలిలో చేతి తొడుగులు వేసుకునేవాళ్లకు అది సుఖమంటారు. ఒక్క తూటా తుపాకీకి అంత తొందర ఎందుకో నాకైతే అర్థం కాదు.

5. గొట్టం తిరిగి బిగించే ముందు ఎజెక్టర్ చాంబర్ అంచుతో సమానంగా కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి. గోరు తట్టుకుంటే దాని వెనక ఇంకా చెత్త ఉన్నట్టే. మళ్లీ బ్రష్షు పట్టండి, బలవంతంగా మాత్రం మూయకండి.