నీటి ఒడ్డు ఎలుక జాతులు – 3వ పాఠం: ఈదుతుంటే గుర్తుపట్టడం

కిందటి పాఠంలో గట్టు మీద ఆనవాళ్లు చూశాం: కొరికిన మోడులు, బొరియలు, పెంటికలు. ఇప్పుడు జంతువే నీళ్లలో ఉంది. అది బీవరో, మస్క్‌రాటో, న్యూట్రియానో తేల్చాలి; మూడూ నీటి ఒడ్డున బతికే ఎలుక జాతి జంతువులే. పొద్దు వాలింది, మీకు కనిపిస్తున్నది కదిలే నల్లటి ముద్ద మాత్రమే.

సైజు చూసి పేరు పెట్టేయకండి. పోల్చుకోడానికి పక్కన ఏమీ లేనప్పుడు కిలో బరువుండే మస్క్‌రాట్‌కీ, ఇరవై కిలోల బీవర్‌కీ తేడా తెలియదు. అందులోనూ అది పిల్ల బీవర్ అయితే మరీ చిక్కు. నీటిపైన ఒళ్లు ఎంత తేలుతోందో చూడండి.

బీవర్ ఈదుతుంటే చాలావరకు తలే పైకి కనిపిస్తుంది. మస్క్‌రాట్‌కి వీపు కూడా తేలుతుంది, వెనకాల సన్నటి తోక పాములా అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది. రెండు పక్కలా నొక్కినట్టుండే ఆ తోక కనిపించిందంటే ఇక వాదన అక్కర్లేదు. బీవర్ తోక వెడల్పుగా, చదునుగా ఉంటుంది గానీ ఈదేటప్పుడు అంత తేలిగ్గా కంటపడదు. బెదిరినప్పుడు మాత్రం దాంతో నీటిని ఫట్‌మని కొట్టి మునుగుతుంది. ఆ చప్పుడు విన్నారంటే పేరు తెలిసినట్టే, కాకపోతే ఆ సాయంత్రం అది మళ్లీ దగ్గరికి రావడం అనుమానమే!

న్యూట్రియా ఈ రెండింటికీ మధ్య సైజు, అసలు తికమక పెట్టేది ఇదే. బైనాక్యులర్స్ మూతి మీద నిలపండి. తెల్లటి పొడుగాటి మీసాలు, మూతి చుట్టూ తెలుపు ఉంటే న్యూట్రియా. నారింజ రంగు పళ్లను మాత్రం గుర్తుగా పెట్టుకోవద్దు, బీవర్‌కీ అవే ఉంటాయి. గట్టెక్కితే తోక చూడండి: న్యూట్రియాది ఎలుక తోకలా గుండ్రంగా ఉంటుంది.

“మా దేశంలో అది ఉండదు” అని కొట్టిపారేయడం కూడా కుదరదు. న్యూట్రియా దక్షిణ అమెరికాది, మస్క్‌రాట్ ఉత్తర అమెరికాది. బొచ్చు కోసం మనుషులే రెండింటినీ యూరప్‌కి తెచ్చారు. మస్క్‌రాట్‌ని 1905లో బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) వదిలితే అక్కణ్నుంచి ఖండంలో చాలా చోట్లకి పాకింది. ఇప్పుడు అక్కడ కొన్ని నదుల్లో మూడూ ఎదురుపడొచ్చు.

చేపను పట్టుకుని నములుతోందా? అయితే అది నీటికుక్క అయ్యుంటుంది, మన జాబితాలోదే కాదు.

అభ్యాసం: ఈ వారం ఏ జంతువు కనిపించినా పేరు రాయకుండా మూడు సంగతులే రాసుకోండి. వీపు తేలిందా, తోక ఆడిందా, మూతి తెలుపా? పేరు ఇంటికొచ్చాక తేల్చుకోవచ్చు. వచ్చే పాఠం బురదలో పడిన వెనక కాళ్ల గుర్తులు. న్యూట్రియా వెనక పాదంలో వేళ్లను కలిపే ఈత పొర చిటికెన వేలికి మాత్రం ఎందుకు అంటదో అక్కడ చూద్దాం.