యూవీ జిగురుకు తగిన దీపాన్ని ఎంచుకున్న తీరు

గాజు పాత్ర నుంచి ఊడిన గాజు పిడిని యూవీ (అతినీలలోహిత) కాంతి తగిలితే గట్టిపడే జిగురుతో అతికించి, ఇంట్లో ఉన్న ఊదారంగు టార్చి వెలుగులో ఎంతసేపు ఉంచినా అతుకు లోపల మెత్తగానే ఉండిపోయింది. జిగురు వివరాల పత్రం చదివాక కారణం తెలిసింది. ఈ జిగురులో కాంతిని గ్రహించి గట్టిపడే చర్యను మొదలుపెట్టే పదార్థం ఒకటి ఉంటుంది. అది గ్రహించే తరంగదైర్ఘ్యంలో, తగినంత తీవ్రతతో కాంతి అందితేనే జిగురు పూర్తిగా గట్టిపడుతుంది. నా జిగురుకు కావలసింది 365 నానోమీటర్లు, టార్చి ఇచ్చేది 395.

అందుకే 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ టార్చిని, కనిపించే వెలుగును ఆపే నల్లటి ఫిల్టర్ ఉన్నదాన్ని తీసుకున్నాను. ఇది కంటికి మసకగా కనిపిస్తుంది గాని, ఊదారంగు ఎంత ప్రకాశంగా ఉందన్నది యూవీ తీవ్రతకు కొలత కాదు. దూరం పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది కనుక టార్చిని అతుకుకు దగ్గరగా, కదలకుండా నిలబెట్టాను. ఈసారి పిడి గట్టిగా నిలిచింది. పైపొరలో మిగిలిన కొద్దిపాటి జిడ్డుకు గాలిలోని ఆక్సిజన్ కారణం. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేశాను.

మామూలు గాజు 365 కాంతిని చాలావరకు లోపలికి పోనిస్తుంది, పాలికార్బొనేట్ మాత్రం అడ్డుకుంటుంది. అటువంటి ప్లాస్టిక్కులకు 405 నానోమీటర్ల వద్ద గట్టిపడే జిగురును, అదే కాంతినిచ్చే దీపాన్ని ఎంచుకోవడం మేలు. రెండు వైపులా కాంతి చొరని వస్తువులైతే ఏ దీపమూ పనికిరాదు. వాటికి ఎపాక్సీ వంటి, కాంతి అవసరం లేని జిగురు సరైనది. ఏ దీపమైనా, దాని కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోకుండా వెలిగించవద్దు.