పాత స్టీరియోలో గరగర: ముందు చెవి పెట్టండి, తర్వాతే స్ప్రే

పాత రిసీవర్ గానీ యాంప్లిఫయర్ గానీ గరగరమనగానే చేయి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే డబ్బా మీదికి పోతుంది. ఆ డబ్బాను కాసేపు పక్కన పెట్టండి. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఏ స్పీకర్లో వస్తోంది, ఏది ముట్టుకుంటే మారుతోంది? ఈ మూడూ తేలితే సగం పని అయినట్టే.

మూత తీసేముందు ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. పీకాక కూడా పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో (డబ్బాల్లా కనిపించేవి) కరెంటు నిలవ ఉంటుంది. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి వాటి కాళ్ల మధ్య చూడండి. రీడింగ్ ఒకటి రెండు వోల్టులకు దిగేదాకా లోపల చేయి పెట్టకండి.

వాల్యూమ్ తిప్పుతున్నంతసేపే గరగర, వదిలేస్తే నిశ్శబ్దం

వాల్యూమ్, బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ నాబ్‌ల వెనక ఉండేవి పొటెన్షియోమీటర్లు, పొట్టిగా పాట్‌లు. లోపల ఒక కార్బన్ పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే లోహపు వేలు. మధ్యలో దుమ్ము, చిలుము చేరితే గరగర మొదలవుతుంది.

పాట్ వెనక, కాళ్ల దగ్గర చిన్న సందు ఉంటుంది. స్ప్రే గొట్టాన్ని అందులో పెట్టి ఒక్క చిన్న పిచికారీ కొట్టండి. నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్పై సార్లు తిప్పి, పూర్తిగా ఆరాకే కరెంటు పెట్టండి. కార్బన్ పట్టీకి డీఆక్సిట్ ఎఫ్5 లాంటి ఫేడర్ క్లీనర్ మంచిది, లోహపు స్విచ్‌లకు డీ5. మామూలు డబ్ల్యూడీ-40 వద్దు. అది వదిలే జిడ్డుకు మళ్లీ దుమ్ము అంటుకుంటుంది.

ముందువైపు కడ్డీ పక్కనుంచి మాత్రం కొట్టకండి. నాబ్ తిప్పేటప్పుడు చేతికి తగిలే ఆ నిండైన బరువు అక్కడున్న చిక్కటి గ్రీజు వల్ల వస్తుంది. స్ప్రే దాన్ని కడిగేస్తుంది. నా చేతుల మీదుగా ఒక యాంప్లిఫయర్‌కు అలా జరిగింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

శుభ్రం చేసినా గరగర పోలేదు, లేదా కొద్ది రోజులకే తిరిగొచ్చింది

చాలామంది ఇక్కడే డబ్బా మీద డబ్బా ఖాళీ చేస్తారు. చాలాసార్లు తప్పు పాట్‌ది కాదు, దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్‌ది. దాని పని డీసీని ఆపి సంగీతాన్ని మాత్రమే వదలడం. వయసు మీద పడి కారడం మొదలైతే డీసీ పాట్ మీదికి వస్తుంది. అప్పుడు వేలు ఎంత శుభ్రంగా ఉన్నా కదిలిన ప్రతిసారీ గరగరే. నాబ్ ఏ మూలకు తిప్పినా చప్పుడు ఒకేలా ఉంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

కరెంటు పెట్టి, పాటలేవీ పెట్టకుండా, పాట్ ఇన్‌పుట్ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య డీసీ చూడండి. దాదాపు సున్నా ఉండాలి. వోల్టుల్లో కనిపిస్తే కెపాసిటర్ మార్చాలి. కరెంటు ఉండగా లోపల కొలిచే అలవాటు లేకపోతే ఈ ఒక్క పని తెలిసినవారి చేత చేయించండి.

డీసీ లేదు, కానీ నాబ్ ఒక చోటికి రాగానే శబ్దం ఆగిపోతోందా? అయితే పట్టీ అరిగిపోయింది. అరిగినదాన్ని ఏ స్ప్రే కూడా తిరిగి తేలేదు. అంతే ఓమ్స్ ఉన్న డబుల్ పాట్ (ఎడమ, కుడి రెండూ ఒకే కడ్డీ మీద ఉండేది) వేయాలి. వాల్యూమ్‌కైతే సాధారణంగా లాగ్ (లాగరిథమిక్) రకం.

ఒక స్పీకర్ ఉన్నట్టుండి మూగబోతుంది

ముందు ఇన్‌పుట్ కేబుళ్లు ఎడమ కుడి మార్చండి. లోపం రెండో స్పీకర్‌కు మారితే తప్పు కేబుల్‌దో, ప్లేయర్‌దో. మారకపోతే యాంప్లిఫయర్‌ను గానీ, స్పీకర్‌ను దాని వైరును గానీ చూడాలి. టేప్ మానిటర్ స్విచ్‌ను (టేప్ డెక్ శబ్దం వినడానికి పెట్టిన మీట) రెండు మూడుసార్లు నొక్కి వదలండి. శబ్దం తిరిగొస్తే దొంగ దొరికినట్టే. సంగీతం మొత్తం ఆ స్విచ్ గుండానే పోతుంది, పైగా ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ కదపరు. వెండి పూత ఉన్న కాంటాక్టులు వెండి గిన్నెల్లాగే నల్లబడతాయి. ప్లగ్ పీకి, డీ5 చుక్క వేసి, ముప్పై సార్లు కదపండి. వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ అని రాసి ఉన్న సాకెట్లను కలిపే జంపర్లు (చిన్న లోహపు ముక్కలు) ఉంటే వాటినీ తీసి తుడవండి.

శబ్దం తక్కువలో పోయి, వాల్యూమ్ పెంచగానే టక్కున వస్తే చూపు స్పీకర్ రిలే మీద, అంటే స్పీకర్లను యాంప్లిఫయర్‌కు కలిపే స్విచ్ మీద పెట్టాలి. దాని కాంటాక్టులు మసిబారాయి. క్లీనర్‌లో తడిపిన కాగితపు ముక్కను మధ్యలో పెట్టి మెల్లగా లాగండి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోతుంది, కొన్నాళ్లకే పాత కథ మొదలవుతుంది. కొత్త రిలే వేయడమే నిలిచే పరిష్కారం.

స్ప్రే తగలకూడని చోట్లు

స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే ట్యూనర్ వేరియబుల్ కెపాసిటర్ రేకుల మీద కొట్టకండి, ట్యూనింగ్ చెదురుతుంది. డయల్ తిప్పితే గరగరమంటే కడ్డీకి ఆనుకున్న చిన్న స్ప్రింగు రేకును మాత్రం పుల్లకు చుట్టిన దూదితో తుడవండి. మెయిన్ పవర్ స్విచ్‌లోనూ కొట్టకండి. అక్కడ ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది, కాలిన కాంటాక్టులు కడిగితే బాగుపడవు. అదే వోల్టేజి, అదే ఆంపియర్లు తట్టుకునే కొత్త స్విచ్ వేయించండి.