టగ్గు మ్యాప్‌లో కనిపించడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

విశాఖ, కాకినాడ లాంటి రేవుల్లో తిరిగే టగ్గు, అంటే పెద్ద ఓడలను లాగే చిన్న ఓడ, ఎక్కడుందో ఇప్పుడు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. టగ్గులోని ఏఐఎస్ పరికరం (ఓడ వివరాలను దానంతటదే పంపేది) జీపీఎస్ నుంచి స్థానం తీసుకుని వీహెచ్‌ఎఫ్ రేడియోలో పంపుతుంది. ఒడ్డునున్న రిసీవర్‌కు అది అందితేనే మ్యాప్‌లోకి వస్తుంది.

సమస్య: టగ్గు ఉన్నట్టుండి మాయమైంది

ఇంట్లోవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. చాలాసార్లు ప్రమాదమేమీ ఉండదు. వీహెచ్‌ఎఫ్ సంకేతం నేరుగా వెళ్తుంది, కొండో పెద్ద ఓడో అడ్డొస్తే ఆగిపోతుంది. టగ్గు యాంటెనా ఎత్తూ తక్కువే. విశాఖలో రిసీవర్ డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల ఉంటే, లోపలి హార్బర్‌లోని టగ్గు దానికి అందకపోవచ్చు. పైగా పెద్ద ఓడల్లో ఉండే క్లాస్ ఏ రకం ఏఐఎస్ పరికరం 12.5 వాట్లతో పంపితే, చిన్న పడవల్లో ఉండే క్లాస్ బీ రకాల్లో చాలావాటికి 2 వాట్లే.

ముందు చివరి సంకేతం అందిన సమయం చూడండి. అది యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే, మన సమయం కోసం 5 గంటల 30 నిమిషాలు కలపాలి. క్లాస్ బీ పరికరం కదులుతున్నప్పుడు మామూలుగా 30 సెకన్లకోసారి, ఆగి ఉంటే 3 నిమిషాలకోసారి పంపుతుంది. గంట దాటినా రాకపోతే చుట్టుపక్కల పడవలు కనిపిస్తున్నాయేమో చూడండి. అవీ లేకపోతే లోపం చాలావరకు రిసీవర్‌దే. అవి ఉండి మీ టగ్గు ఒక్కటే లేకపోతే ఆపరేటర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఆపదలో ఉన్నారన్న అనుమానం ఏ కాస్త ఉన్నా మ్యాప్ చూస్తూ కూర్చోవద్దు, వెంటనే కోస్ట్ గార్డ్ నంబరు 1554కు చెప్పండి.

సమస్య: వేరే పడవ వస్తోంది

ఒకే పేరుతో చాలా పడవలుంటాయి. పేరుతో కాకుండా 9 అంకెల ఎంఎంఎస్ఐ నంబరుతో (పడవ రేడియో గుర్తింపు సంఖ్య) వెతకండి. భారత జెండా పడవలకు అది 419తో మొదలవుతుంది. జెండా మారితే ఈ నంబరూ మారుతుంది, ఓడకు శాశ్వత గుర్తింపుగా ఇచ్చే 7 అంకెల ఐఎంఓ నంబరు మాత్రం మారదు. చాలా చిన్న పడవలకు ఐఎంఓ నంబరే ఉండకపోవచ్చు.

సమస్య: పొడవు, వెడల్పు తప్పుగా ఉన్నాయి

స్థానం జీపీఎస్ చెబుతుంది, కొలతలు మాత్రం మనిషి ఎక్కించినవి. జీపీఎస్ యాంటెనా నుంచి ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి ఎన్ని మీటర్లో పరికరం బిగించేటప్పుడు ఇవ్వాలి. మొదటి రెండూ కలిపితే పొడవు, మిగతా రెండూ కలిపితే వెడల్పు. సున్నాలు వదిలేసినా, పాత పడవ కొలతలు అలాగే ఉంచినా మ్యాప్ అవే చూపిస్తుంది. అందుకే మ్యాప్ కొలతల మీద ఆధారపడి బాడుగ ఒప్పందం చేసుకోవడం తప్పు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో సరిచూసి, పరికరంలో దిద్దించండి. టగ్గుకు అసలు ముఖ్యమైన బొల్లార్డ్ పుల్, అంటే ఎన్ని టన్నుల బలంతో లాగగలదన్నది, ఏఐఎస్ సందేశంలో ఉండనే ఉండదు. దానికి టెస్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాల్సిందే.

సమస్య: అక్షాంశం 91, రేఖాంశం 181

అలాంటి చోటు భూమ్మీద లేదు. పరికరానికి జీపీఎస్ స్థానం దొరకలేదని అర్థం. జీపీఎస్ యాంటెనా కేబుల్, కనెక్టర్ దగ్గర ఉప్పునీటి తుప్పు చూడమని సిబ్బందికి చెప్పండి.