పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని అడగవలసిన తీరు

మనిషిలో దిగులు ఏ స్థాయిలో ఉందో అంచనా వేయడానికి విరివిగా వాడే కొలమానం పీహెచ్‌క్యూ-9. క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే పరిశోధకులు 2001లో వెలువరించిన ఈ పత్రంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనను తాను తక్కువ చేసుకోవడం, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, చావు గురించిన ఆలోచనలు గత రెండు వారాల్లో ఎంత తరచుగా బాధించాయో అవి అడుగుతాయి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి మించిన రోజులైతే 2, దాదాపు ప్రతిరోజూ అయితే 3 వేయాలి. ఆశా కార్యకర్తలు ఊళ్లోవారి ఆరోగ్య వివరాలు అడిగి నింపే సీబ్యాక్ పత్రంలో ఉన్నవి కూడా వీటిలోని మొదటి రెండు ప్రశ్నలే.

చదువు రానివారిని మనమే అడగాల్సి వచ్చినప్పుడు ఆ అంకె ఎంత నమ్మదగినదనేది మన అడిగే తీరు మీదే ఆధారపడుతుంది. అత్తగారో భర్తో పక్కనే కూర్చుని ఉంటే కోడలు నిజం చెప్పలేదు. అందుకే ముందు ఏకాంతం కల్పించాలి, చెప్పిన మాట ఎవరికి తెలుస్తుందో, ఎవరికి తెలియదో వివరించాలి. "రెండు వారాలు" అన్నంత మాత్రాన కాలం మనసుకు ఆనదు కాబట్టి "మొన్నటి సంతకు ముందు సంత నుంచి" అనో, ఇంట్లో జరిగిన ఒక కార్యం నుంచి అనో గుర్తు పెట్టి చెప్పాలి. అప్పటికీ తేలకపోతే పద్నాలుగు చింతగింజలు ముందు పోసి, నిద్ర పట్టని రాత్రులెన్నో అన్ని గింజలు పక్కకు తీయమంటే, సగం దాటిందో లేదో ఇద్దరికీ కళ్లముందే తెలుస్తుంది.

జవాబు మనం అందించకూడదు. "నిద్ర బాగానే పడుతోంది కదమ్మా?" అని అడిగితే అవుననే అంటారు. చాలామంది దిగులును దిగులుగా చెప్పరు. ఒళ్లు నొప్పులనీ, గుండె దడనీ, తల బరువనీ మొదలుపెడతారు. ఆ మాటలను తుంచెయ్యకుండా విని, తర్వాత పత్రంలోని ప్రశ్నకు రావాలి.

మొత్తం 27కు లెక్కిస్తారు. 5 నుంచి 9 వరకు తేలికపాటి, 10 నుంచి 14 వరకు మధ్యస్థం, 15 నుంచి 19 వరకు ఒక మోస్తరు తీవ్రం, 20 నుంచి 27 వరకు తీవ్రం. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. జబ్బు నిర్ధారించేది డాక్టరే, ఈ పత్రం కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నవారికి కూడా నీరసం వల్ల అంకె పెరుగుతుంది. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రతలకు మూడేసి వేసినవారికీ, ఆసక్తి, దిగులు, ఆత్మనింద, చావు ఆలోచనలకు మూడేసి వేసినవారికీ మొత్తం 12 వస్తుంది. వీరిద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం పెద్ద పొరపాటు.

అందుకే చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నను మొత్తంతో సంబంధం లేకుండా విడిగా చూడాలి. అక్కడ 1 వచ్చినా పత్రం పక్కన పెట్టి, ఆ ఆలోచన ఎప్పుడు వస్తోందో, ఏదైనా చేసుకోవాలనే ఉద్దేశం ఉందో నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కరలేదు. ఉద్దేశం ఉందంటే ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని పురుగుమందును అందకుండా చేయించి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చికిత్స మొదలయ్యాక కొన్ని వారాలకొకసారి అవే ప్రశ్నలను అదే పద్ధతిలో, వీలైతే అదే మనిషి అడగాలి. అంకె 5 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే మెరుగుదల కనిపిస్తున్నట్టు. ఒకటి రెండు అటూ ఇటూ అయితే దానికి పెద్ద అర్థం వెతకనక్కరలేదు. పత్రం మీద తేదీతో పాటు ఆ రెండు వారాల్లో ఇంట్లో జరిగిన చావు, పంట నష్టం, రాత్రి డ్యూటీ వంటివి రాసిపెడితే తర్వాత చూసే డాక్టరుకు ఆ అంకె ఎందుకు పెరిగిందో తెలుస్తుంది.