బ్లూస్ టర్న్‌అరౌండ్: ఆ చివరి రెండు బార్లు ఎలా వాయించాలి

సినిమా పాటలో చరణం చివరికొచ్చేసరికి పల్లవి ఎత్తుకోకపోతే ఊపిరాడనట్టు ఉంటుంది చూడండి, పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) బ్లూస్‌లో ఆ పని 11, 12 బార్లది. దాన్నే టర్న్‌అరౌండ్ అంటారు. కలిపి మోగించే స్వరాల గుత్తిని కార్డ్ అంటారు, పాట ఆధార స్వరం మీద కట్టింది మొదటిది, అక్కణ్ణుంచి ఐదో స్వరం మీద కట్టింది ఐదోది. పదకొండో బార్లో మొదటి కార్డ్‌కి ఇంటికొచ్చినట్టే వస్తాం, పన్నెండులో ఐదో కార్డ్ మీద ఆగుతాం, అక్కడ చెవికి తీరదు, మళ్లీ మొదటి బార్ కావాలంటుంది.

గిటార్ మీద ‘ఈ’ కీతో, అంటే ‘ఈ’ ఆధార స్వరంగా, మొదలుపెట్టండి, ఖాళీ తీగలు కలిసొస్తాయి. లెక్కకి మన తకిట చాలు, బీటుకొక తకిట. పదకొండో బార్ మొదటి బీటుకి లావు తీగ, అంటే ఆరోది, ఒక్కసారి మీటి వదిలేయండి. ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది గడి. రెండో బీటుకి రెండో తీగని 3వ ఫ్రెట్‌లో నొక్కి, ఖాళీగా ఉన్న ఒకటో తీగతో కలిపి మూడుసార్లు, త-కి-ట. మూడో బీటుకి వేలు 2వ ఫ్రెట్‌కి, నాలుగో బీటుకి 1వ ఫ్రెట్‌కి, పన్నెండో బార్ మొదటి బీటుకి రెండు తీగలూ ఖాళీ. ఒకటో తీగ శ్రుతిపెట్టెలా కదలకుండా మోగుతుంటే పక్కన డీ, సీ షార్ప్, సీ, బీ ఒక్కో మెట్టే దిగుతాయి.

ఇక ఐదో కార్డ్, ‘ఈ’ కీలో అది బీ సెవెన్, ఒక ఫ్రెట్ పైనుంచి దాంట్లోకి దిగుతాం. ఐదో తీగ 3లో మధ్యవేలు, నాలుగో తీగ 2లో చూపుడువేలు, మూడో తీగ 3లో ఉంగరపు వేలు, ఇది సీ సెవెన్. ఆ మూడు తీగలే మీటి, పట్టు వదలకుండా గిటార్ తల వైపు ఒక ఫ్రెట్ జరిపితే బీ సెవెన్.

నేను బోల్తాపడింది ఇక్కడే. వేళ్లకి అలవాటైంది కదా అని పరిగెత్తేసి అర బీటు ముందే మొదటి బార్లోకి దూకేవాణ్ణి, డ్రమ్స్ వాయించే మావాడు కర్రలు పక్కన పెట్టేసి చూసేవాడు. బీ సెవెన్‌ని మోగనివ్వండి, కాలితో బీటు లెక్కపెడుతూ ఆగండి. బ్లూస్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ 1936, 1937లో టెక్సస్‌లో చేసిన రికార్డింగులు వింటే ఒక్క గిటార్‌తో ఈ దిగుడు ఎంత దర్జాగా ఉంటుందో తెలుస్తుంది.

జాజ్‌లోనూ పని అదే, కార్డ్‌లు ఎక్కువంతే. సీ కీలో అయితే సీ, ఏ మైనర్, డీ మైనర్, జీ సెవెన్, ఒక్కోటి రెండు బీట్లు. ఏ మైనర్ బదులు ఏ సెవెన్ పెట్టి చూడండి, అందులోని సీ షార్ప్ తిన్నగా డీలోకి లాగుతుంది. జీ సెవెన్ బదులు డీ ఫ్లాట్ సెవెన్ కూడా నడుస్తుంది, ఎందుకంటే ఎఫ్, బీ స్వరాలు ఆ రెండు కార్డుల్లోనూ ఉన్నాయి, పైగా బేస్ డీ, డీ ఫ్లాట్, సీ అని జారుకుంటూ ఇంటికొస్తుంది.

ఒక్క జాగ్రత్త, పాట ముగించే ఆఖరి రౌండులో బీ సెవెన్ వద్దు. అదే మూడు వేళ్ల పట్టుని ఐదో తీగ 8వ ఫ్రెట్ దగ్గర పెడితే ఎఫ్ సెవెన్, 7కి జరిపితే ఈ సెవెన్, అక్కడ ఆపేయండి. లేకపోతే డ్రమ్మర్ ఇంకో రౌండు మొదలెట్టేస్తాడు.