సంతకు వెళ్లేవారికి నడుము పట్టీ: కుట్టించడం, కట్టడం, దాచడం

నేను గొర్రెల వ్యాపారిని. మాది ఉదయగిరి దగ్గర పల్లె. ముప్పయ్యేళ్లుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంతల్లో జీవాలు కొని అమ్ముతున్నాను. ఈ పనిలో నగదు లేకుండా గడవదు. తెల్లవారకముందే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెగుతుంది. అమ్మే కాపరి పెద్దవాడై ఉంటాడు, ఫోనులో వేస్తానంటే తల అడ్డంగా ఊపుతాడు. ఆయనకు నోట్లు చేతిలో పెడితేనే పొట్టేళ్ల తాడు మన చేతికి వస్తుంది.

ఆ నోట్లను బస్సులో ఎక్కడ పెట్టుకోవాలి? జేబు బ్లేడుకు దొరుకుతుంది. చేతిసంచి అయితే నిద్ర పడితే పోతుంది. అందుకే నడుము పట్టీ. ఈ మధ్య వ్యాపారంలోకి వస్తున్న కుర్రవాళ్లు ఏ పట్టీ కొనాలని నన్ను అడుగుతున్నారు. వారికి విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నకు జాలె ఉండేది. ముతక నూలు గుడ్డను గొట్టంలా కుట్టి, రెండు కొసలకూ తాళ్లు పెట్టిన సంచి అది. దాన్ని నడుముకు చుట్టి, పైన పంచె కట్టి, మీద చొక్కా వేసుకునేవాడు. రాత్రి ఇంటికి వచ్చి తాడు విప్పితే నడుము చుట్టూ ఎర్రటి గీత కనిపించేది. అమ్మ ఆ గీత మీద కొబ్బరినూనె రాసేది. తాడు సన్నగా ఉంటే ఒంట్లోకి కోసుకుపోతుందని నాకు ఆ గీతే నేర్పింది. పట్టీ వెడల్పుగా ఉండాలి, బరువు నడుమంతా పంచుకోవాలి.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఒకసారి వస్తూ వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ తెచ్చాడు. అక్కడ దాన్ని బెల్లీ బ్యాండ్ అంటారట. ముందువైపు ఒక పెద్ద జేబు, దాని మీద అడ్డంగా చిన్న పట్టీ. అది పిస్తోలు పెట్టుకునే జేబు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగడానికి చట్టం ఒప్పుకుంటుంది. ప్యాంటు బెల్టు లేకపోయినా, ఏ బట్టల కిందనైనా సరిపోతుందని దీన్ని ఇష్టపడతారట. దీని లోపాలు కూడా వాళ్లకు తెలుసు. చెమట పడుతుంది. చొక్కా ఎత్తి తీయాలి కాబట్టి ఆలస్యమవుతుంది. తీసిన ఆయుధాన్ని ఒంటిచేత్తో మళ్లీ లోపల పెట్టడం కష్టం, జేబు మెత్తగా నోరు మూసుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మెత్తని గుడ్డ ట్రిగ్గర్‌ను కాపాడదు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారికే తుపాకీ. అలాంటివారు ఎవరైనా ఇది చదువుతుంటే, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తొడుగు లేని ఏ పట్టీలోనూ ఆయుధం పెట్టవద్దు. నాకు కావలసింది డబ్బుకు చోటు. ట్రిగ్గర్ సంగతి పక్కన పెడితే మిగిలిన లోపాలన్నీ నా నోట్ల విషయంలోనూ అలాగే ఎదురయ్యాయి.

మొదటి వేసవి ఆ పట్టీ బ్రహ్మాండంగా ఉంది. ఒంటికి అతుక్కుని, కూర్చున్నా లేచినా కదలలేదు. రెండో వేసవికి ఎలాస్టిక్ సాగింది. కావలి బస్సులో నిలబడి వస్తుంటే పట్టీ మెల్లగా తుంటి మీదికి జారింది. నాకు తెలియలేదు. వెనుక సీట్లో కూర్చున్న ఒక పెద్దమ్మ నా మోచేతి మీద తట్టి, గొంతు తగ్గించి, "అయ్యా, నడుము దగ్గర చూసుకో" అంది. చొక్కా అంచు కింద నోట్ల కట్ట మూల బయటికి కనిపిస్తోంది. ఆమె అరిచి చెప్పి ఉంటే బస్సంతా చూసేది. ఆ తల్లికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఎలాస్టిక్ పట్టీ కొన్నవారు ప్రతి నెలా ఒక పరీక్ష చేయండి. ఖాళీ పట్టీ కట్టుకుని పదిసార్లు గుంజిళ్లు తీయండి. జారితే అది పనికిరాదు. కుట్టు వేసి బిగించుకుందాం అనుకోవద్దు, సాగిన ఎలాస్టిక్ మళ్లీ సాగుతుంది.

ఇప్పుడు నేను వాడేది మా ఊరి దర్జీ చేత కుట్టించినది. నడుము చుట్టూ నూలు గుడ్డ, వీపు దగ్గర మాత్రం జానెడు ఎలాస్టిక్. అన్నం తిన్నాక పొట్ట పెరిగినా ఆ ఒక్క జానెడు సర్దుకుంటుంది. కొలతలు చెబుతాను. ఇప్పటి ఐదు వందల నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6 సెంటీమీటర్లు. వంద నోట్ల కట్ట యాభై వేలు. జేబు లోపలి కొలత 17 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల లోతు ఉంటే కట్ట సుఖంగా దిగుతుంది. పట్టీ వెడల్పు 10 సెంటీమీటర్లు చాలు. అంతకన్నా వెడల్పైతే కూర్చున్నప్పుడు పై అంచు మడతపడి పొట్టలో గుచ్చుకుంటుంది. నా నడుము 36 అంగుళాలు, అంటే సుమారు 91 సెంటీమీటర్లు. నాలుగు జేబులకు 68 సెంటీమీటర్లు పోతుంది. మిగిలినదాంట్లో కొంత వెన్నెముక దగ్గర, కొంత బొడ్డు దగ్గర ఖాళీ వదిలించాను. వెన్నెముక మీద కట్ట ఉంటే బస్సు సీటులో గంటసేపు కూర్చోలేరు.

కట్టను నిలువుగా పెట్టవద్దు. కింద కూర్చోగానే విరిగినట్టు వంగుతుంది, పై అంచు చొక్కాలోంచి పొడుచుకు వస్తుంది. అడ్డంగా పెట్టాలి. కొత్త నోట్ల కట్ట పలకలా బిగుసుకుని ఉంటుంది, నడుము వంపుకు లొంగదు. చేతులు మారిన నోట్లు ఉబ్బుగా ఉన్నా చక్కగా వంగుతాయి. బ్యాంకులో వీలైతే పాత నోట్లే అడిగి తీసుకుంటాను.

జేబు నోటికి వెల్క్రో వద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒకసారి రాత్రి బస్సులో, అందరూ నిద్రపోతున్నారు కదా అని నోట్లు సరిచూసుకోబోయాను. "పర్ర్" మని చప్పుడు. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు. అక్కడి నుంచి ఊరు చేరేదాకా నాకు కునుకు పట్టలేదు. చిన్న గుండీలు పెట్టించండి, లేదా లోపలివైపు జిప్పు. జేబు నోరు ఒంటివైపు ఉండాలి, బయటివైపు కాదు.

చెమట సంగతి మన ఎండలు తెలిసినవారికి వివరించనక్కర లేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి పట్టీ పిండితే నీళ్లు వస్తాయి. తడిసిన నోట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, లెక్కపెట్టేటప్పుడు తొందరపడితే చిరుగుతాయి. ప్రతి కట్టనూ మందపాటి జిప్పు కవరులో పెట్టి, గాలి తీసి మూయండి. పట్టీని ఒంటి మీద కట్టవద్దు, నూలు బనియను మీద కట్టండి. చెమటకాయలు సగానికి సగం తగ్గుతాయి. ఇంటికి రాగానే ఉతికి నీడలో ఆరేయండి. పొట్ట మీద ఆపరేషను అయినవారు, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడగకుండా బిగించి కట్టవద్దు.

బొడ్డుకు కాస్త కింద, తుంటి ఎముకలకు పైన కట్టాలి. పలచని తెల్లచొక్కా అయితే పట్టీ అంచు గీతలా కనిపిస్తుంది. సంతరోజు నేను గళ్ల చొక్కా వేసి, దాన్ని బయటికి వదిలేస్తాను. ఫోను ఎప్పుడూ పట్టీలో పెట్టను. అది వేడెక్కుతుంది, మోగితే అందరి కళ్లూ నడుము మీదికే పోతాయి.

ఇక అసలు సంగతి. ఈ పట్టీ పెట్టె లాంటిది, పర్సు కాదు. సంతలో పదిమంది ముందు చొక్కా ఎత్తి డబ్బు తీస్తే, ఎక్కడ దాచారో మీరే చూపించినట్టు. ఆ తరువాత ఎంత బాగా కుట్టించినా లాభం లేదు. బయానాకు, సంత రుసుముకు, బండి కిరాయికి, టీకి వేరే డబ్బు చొక్కా జేబులో పెట్టుకుంటాను. బేరం తెగాక కాపరిని వెంటబెట్టుకుని, జీవాలు ఎక్కించే బండి క్యాబిన్‌లోకి వెళ్లి, తలుపు వేసుకుని పట్టీ విప్పుతాను. ఒక కట్ట తీసి అక్కడే ఇద్దరం లెక్కపెడతాం. ఆయన డబ్బుకు కూడా అదే మంచిది, ఆయన ఒంటరిగా కాలినడకన వెళ్లే మనిషి.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో పట్టీ కట్టుకుంటే మరో జాగ్రత్త అవసరం. 2024 మార్చి 16న కోడ్ వచ్చినప్పుడు చెక్‌పోస్టుల దగ్గర ప్రతి బండీ ఆపారు. ఆధారం లేకుండా యాభై వేలకు మించిన నగదు దొరికితే స్వాధీనం చేసుకుంటారు. డబ్బు చొక్కా కింద ఉంటే అనుమానం రెట్టింపవుతుంది. నన్ను ఆపినప్పుడు వాళ్లు తడమకముందే, "అయ్యా, నడుముకు లక్షన్నర ఉంది, జీవాలు కొనడానికి వెళ్తున్నాను" అని చెప్పాను. బ్యాంకులో డబ్బు తీసిన కాగితం, కిందటి వారం సంత రసీదు చూపించాను. పక్కకు తీసుకెళ్లి లెక్కచూసి పంపించారు. ఆ రెండు కాగితాలూ పట్టీలో పెట్టవద్దు, చొక్కా జేబులో ఉంచండి. అమ్మేటప్పుడు కూడా గుర్తుంచుకోండి, ఒకే మనిషి నుంచి ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. లారీ లోడు కొనేవారితో ముందే మాట్లాడి బ్యాంకు ద్వారా వేయించుకుంటాను.

మా పెద్దవాడు కూడా ఈ ఏడాది నుంచి సంతకు వస్తున్నాడు. వాడి నడుము 30 అంగుళాలే. నాలుగు జేబులు పెడితే వెన్నెముక మీదికి వస్తాయని దర్జీ మూడే కుట్టాడు. మొదటి వారం ఖాళీ పట్టీతో, తరువాతి వారం కాగితాల కట్టలతో బస్సు ఎక్కించాను. అలవాటుగా చెయ్యి మాటిమాటికీ నడుము తడుముకోవడం మానాకే నోట్లు పెట్టాను.